దెబ్బ తగిలిన పళ్ళు

పెనం ఇంకా వేడెక్కలేదు. వంటాయన అరచేతిని దానికి జానెడు ఎత్తున పెట్టి చూసి, పెదవి విరిచి, మళ్ళీ మాంసం దగ్గరికి వచ్చాడు. ఎముకతో సహా రెండు వేళ్ళ మందాన కోసిన పంది మాంసం ముక్కలు పళ్ళెంలో వరసగా పడుకుని ఉన్నాయి. వచ్చేవాళ్ళంతా వాటిని చాప్‌లంటారు కాబట్టి ఆయనా అలాగే అంటాడు. ముందు రోజే ఉప్పు పట్టించి పెట్టినవి. ఒక్కొక్కదాన్నీ తీసి పాత నూలుగుడ్డతో అద్ది, తిరగేసి, మళ్ళీ అద్దాడు. తడి ఉన్న మాంసం పెనం మీద ఉడుకుతుందే తప్ప వేగదు. అందుకని చంటిపిల్లకి నీళ్ళు పోసి తుడిచినట్టు, కొవ్వుకీ ఎముకకీ మధ్య సందులో కూడా వేలు పెట్టి తుడుస్తాడాయన.

అది హోటలు వెనకవైపు ఇరుకు వంటిల్లు. ఒక పక్క పొయ్యిలు, ఒక పక్క కోత బల్ల, మధ్యలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఊపిరి బిగబట్టాల్సినంత దారి. వెనక తలుపు సందులోకి తెరుచుకుంటుంది. కిటికీ గట్టు మీద పాత నూనె డబ్బాల్లో థైమ్, రోజ్‌మేరీ అనే వాసన ఆకుల మొక్కలు. వాటిని పెంచిందీ ఆయనే, రోజూ గిల్లేదీ ఆయనే. తలకి పైన, ఎడమ చెవి దగ్గరగా, పొగ లాగే ఫ్యాను. అది తిరుగుతున్నంతసేపూ ఆ చెవికి ప్రపంచం వినబడదు. ఇన్నేళ్ళుగా తిరిగీ తిరిగీ, ఆగినా సరిగ్గా వినబడనంత పని చేసింది.

మనిషి పొట్టి. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనేవాళ్ళు. నాలుక లేకపోవడమేం, చిటికెడు ఉప్పు ఎక్కువైతే గరిట అంచుకి తగిలించి పట్టేసే నాలుక అది. మాట్లాడ్డానికే దానికి బద్ధకం. ఆ హోటల్లోకి పళ్ళేలు కడగడానికి వచ్చాడు. అప్పటి వంటమనిషి మోకాళ్ళు అరిగి ఇంటికి పోతే, ఓ పూట పెనం ముందు నిలబడమన్నారు. నిలబడ్డాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ పెళ్ళి మాట ఎత్తేది, ఈయన "చూద్దాంలేమ్మా" అనేవాడు. చూస్తూ చూస్తూ ఉండగానే జుట్టు నెరిసింది, అమ్మ పోయింది, చూద్దాం అన్న మాట మాత్రం నోట్లో అలాగే మిగిలింది.

ఈ పొద్దున మాత్రం ఆయన చెవులు రెండూ వెనక తలుపు వైపే ఉన్నాయి. పళ్ళావిడ ఇంకా రాలేదు. ఆవిడ రావడం ఇవాళే ఆఖరు.

ఆవిడ గురించి చెప్పాలంటే మొదటిరోజు సంగతి చెప్పాలి. సందు చివర చెత్తడబ్బా దగ్గర ఎవరో కొత్త మనిషి తోపుడుబండి ఆపి, మచ్చపడ్డ ఆపిల్ పళ్ళు ఒక్కోటీ విసిరేస్తోంది. ఆ వాసనకి ఈయన ప్రాణం ఉసూరుమంది. ఎన్నడూ లేంది గుమ్మం దిగి వెళ్ళి, "దెబ్బ తగిలిన పళ్ళు ఇంకా ఉన్నాయాండీ?" అని అడిగాడు. ఆవిడ ఇటు తిరిగి, నోరంతా కనబడేలా నవ్వి, "నా పళ్ళకేం అన్నయ్యా, గట్టిగానే ఉన్నాయి. ఎవరన్నా రాలగొడితే చెప్పలేను" అంది.

అది హాస్యమని ఈయనకి తట్టేసరికి ఆవిడ బండిలో మిగిలినవన్నీ ఈయన ఏప్రన్‌లోకి గుమ్మరించేసింది. ఆ మధ్యాహ్నం, చాప్‌లు వేగిన కొవ్వులోనే వాటిని ముక్కలు చేసి వేసి, థైమ్ రెమ్మలు చల్లాడు. తిన్నవాళ్ళు పళ్ళెం నాకినంత పని చేశారు. ఆ రోజు నుంచీ హోటలంటే అదే, ఆయనంటే అదే. రోజూ పొద్దున్నే దెబ్బ తగిలిన పళ్ళ బుట్ట వెనక గుమ్మంలోకి వచ్చేది.

ఆ నవ్వు వంటాయన గుండెల్లో దిగబడిపోయింది. దాంతోపాటు అన్నయ్య అన్న మాట చెవిలో దిగబడిపోయింది. ఆవిడ భర్త ఏనాడో జ్వరం వచ్చి పోయాడనీ, పిల్లల్లేరనీ, తలుపు అవతల బుట్ట దింపుతూ ఆవిడే చెప్పింది. అడ్డేముంది? అడ్డల్లా ఆ ఒక్క మాటే. ఎంత ఎత్తు గోడైనా నిచ్చెన వేసుకుని ఎక్కొచ్చు. నవ్వు మొహంతో అన్నయ్యా అని కట్టిన గోడ మాత్రం మర్యాద తెలిసినవాడు ఎక్కలేడు. ఈయనకి ఉన్నదే మర్యాద.

పోయినవారం ఆవిడ చెప్పింది. తమ్ముడు కొండ మీద తోట పెంచాడట, రోడ్డు పక్కన చిన్న షెడ్డు వేశాడట, వచ్చి పళ్ళమ్ముకుంటూ నా దగ్గరే ఉండక్కా అంటున్నాడట. వంటాయన "మంచిది" అన్నాడు. అని, పెనం పిడిని గుడ్డ లేకుండా పట్టుకున్నాడు. ఆ బొబ్బ ఇంకా మానలేదు.

"ఏమండీ, తలుపు తీసే ఉందా?"

చేతిలో గుడ్డ జారిపోయింది. పళ్ళావిడ బుట్టని నడుం మీద ఆనించుకుని లోపలికి వచ్చింది. పొడుగ్గా, ఎముకలు తేలి, మోచేతుల దాకా మడిచిన మగవాళ్ళ స్వెటరులో ఉంది.

"ఇవాళ పియర్ పళ్ళే. ఆపిల్స్ అన్నీ నిన్నటితో సరి."

"దెబ్బ తగిలినవేనా?" అన్నాడు. రోజూ అడిగే మాటే అది.

"ఆఁ, తగిలినవే," అంది ఆవిడ గోడకేసి చూస్తూ. "లారీ మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తుంది. ఖాళీ బుట్టలు అప్పుడు పట్టుకుపోతాను."

బుట్ట దింపింది. స్వెటరు సర్దుకుంది. ఇంకో మాటకి చోటు ఇస్తున్నట్టు గుమ్మంలో కాస్త ఆగింది.

"భోజనం," అన్నాడు.

"ఏంటి?"

"భోజనం ఇక్కడే చేసి వెళ్ళండి. ఒక్కసారైనా తినలేదు మీరు."

"మీరు ఒక్కసారైనా అడగలేదు," అంది ఆవిడ. కానీ మొహం విచ్చుకుంది. "సరే, వస్తాను."

ఆవిడ వెళ్ళాక పళ్ళు కడిగి బల్ల మీద పెట్టుకున్నాడు. పచ్చటి పియర్ పళ్ళు, చక్కగా పండినవి. ఒకటి చేతిలోకి తీసుకుని దెబ్బ ఉన్న చోటు కత్తితో తీసేయబోయి ఆగాడు. పండుకి దెబ్బ తగిలి ఒక పూట గడిస్తే ఆ చోటు గోధుమరంగు తిరుగుతుంది. ఇది ఇంకా పచ్చగానే ఉంది. మరొకటి తీశాడు. అదీ అంతే. పక్కపండుకీ భుజం మీద అదే చోట, అంతే లోతు, అంతే వెడల్పు సొట్ట. తన బొటనవేలు అందులో పెట్టి చూశాడు. పట్టలేదు. ఇంకాస్త సన్నటి వేలు అది.

వేలు పెట్టినచోటే పెట్టి, వంటాయన వెనక్కి ఆలోచించుకుంటూ పోయాడు. పళ్ళన్నీ నవనవలాడుతూ దిగే రోజుల్లో కూడా తనకి మాత్రం దెబ్బ తగిలినవే ఎక్కడినుంచి వచ్చేవి? బండి మీద అద్దంలా మెరిసిపోయే పళ్ళు, తన బుట్టలోకి వచ్చేసరికి సొట్టలెందుకు పడేవి? కూలీలు మొరటుగా దింపుతారు కాబోలు అనుకునేవాడు. మాంసం ముక్కని చూసి అది ఏ పక్కదో చెప్పగలిగిన మనిషి, ఇన్నేళ్ళూ వేలిముద్రని చూసి దెబ్బ అనుకున్నాడు. బోర్లించిన బకెట్ మీద కూలబడిపోయాడు.

అప్పుడే వడ్డనావిడ లోపలికి వచ్చింది. గొంతు హాలు చివరిదాకా మోగుతుంది కాబట్టి ఆవిణ్ణి అందరూ గంట అంటారు. నలుగురు పిల్లల తల్లి, మొహమాటం ఎరగదు.

"ఏంటి మావయ్యా, కూర్చున్నావ్? కొంప మునిగిందా?"

వంటాయన పండు చూపించాడు. గంట అటూ ఇటూ తిప్పి చూసి, పడీ పడీ నవ్వింది.

"ఇప్పుడు కనబడిందా నీకు! సందు మలుపులో నిలబడి ఒక్కోదాన్నీ నొక్కుతుంటే నేను చూడలేదనుకున్నావా? మొదట్లో పిచ్చేమో అనుకున్నా."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగితేగా! నోరు తెరిచి ఎవరినన్నా ఏదన్నా అడిగావా పుట్టి బుద్ధెరిగాక?"

"ఆవిడ నన్ను అన్నయ్యా అంది," అన్నాడు వంటాయన, పండుతో చెబుతున్నట్టు.

గంట నవ్వు ఆపింది. నడుం మీద చెయ్యి వేసుకుంది. "అదేదో ఆవిణ్ణే అడుగు," అంది. "లే ముందు, జనం వచ్చేస్తున్నారు."

ఆ మధ్యాహ్నం వంట ఆయన చేతులే చేశాయి, మనసు చెయ్యలేదు. పెనం కాగి, నూనె పల్చబడి మెరవగానే చాప్‌ని తనవైపు చిట్లకుండా అవతలికి పరిచి వేయాలి. వేశాక ముట్టుకోకూడదు. కొత్తవాళ్ళు చేసే తప్పంతా అక్కడే ఉంది. మాడుతుందేమోనని కదుపుతారు, ఎత్తి చూస్తారు. మాంసం పచ్చిగా ఉన్నంతసేపూ పెనాన్ని కరుచుకుని ఉంటుంది. అడుగు ఎర్రగా వేగి పొరకట్టిందంటే పట్టకారు తగలగానే అదే వదులుతుంది. ఆ సంగతి తన పేరు కంటే బాగా తెలిసిన మనిషి, ఇవాళ కదిపాడు. చాప్ సగం పెనానికే అంటుకుని చిరిగింది. గంట హాలు వైపు వడ్డించే కిటికీలోంచి చూసి కళ్ళు పెద్దవి చేసి, ఏమీ అనకుండా పళ్ళేలు పట్టుకుపోయింది. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ హోటల్లో పెద్ద వార్త.

జనం పల్చబడ్డారు. యజమాని గల్లాపెట్టె వెనక కుర్చీలో తల వాల్చి, రోజూలాగే గురక అందుకున్నాడు. వీధి వైపు కిటికీ పక్క బల్ల దగ్గర, కాళ్ళ పక్కన ఖాళీ బుట్టలు పెట్టుకుని, పళ్ళావిడ కూర్చుంది.

వంటాయన పెనాన్ని మళ్ళీ శుభ్రంగా తుడిచాడు. అన్నిటికంటే మందంగా ఉన్న చాప్‌ని తన కోసం దాచుకున్నట్టు పక్కన పెట్టి ఉంచాడు. దాన్ని పెనం మీద వేశాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చిటపటలు మొదట గోలగా, తర్వాత ఒద్దికగా మారాయి. పట్టకారు తగిలిస్తే ముక్క తేలిగ్గా లేచింది, అడుగు రాగిరంగులో ఉంది. తిప్పాడు. కొవ్వు ఉన్న అంచుని నిలబెట్టి పట్టుకుని కరిగించాడు. వెన్న వేసి, చితక్కొట్టిన వెల్లుల్లి, రోజ్‌మేరీ కొమ్మ, థైమ్ రెమ్మలు వేశాడు. పెనాన్ని ఒక పక్కకి వంచి, నురగలు కక్కుతున్న వెన్నని గరిటతో తీసి ముక్క మీద పోస్తూ పోయాడు. ఫ్యాను కూడా లాగలేనంత వాసన హాల్లోకి వెళ్ళింది.

మాంసాన్ని తీసి పక్కన పెట్టాడు. అది సేదతీరాలి, లేకపోతే కోసినప్పుడు రసమంతా పళ్ళెం పాలవుతుంది. ఈలోగా అదే పెనంలో పియర్ ముక్కలు పరిచాడు. ఇవాళ ఆ సొట్టలు తీసెయ్యలేదు. సొట్ట ఉన్న చోటే ముందుగా మెత్తబడి, చక్కెర ఊరి, బంగారు రంగు తిరిగింది. కాస్త వెనిగర్ చిలకరించి, అడుగున అంటినదంతా గీకి, ఆ రసాన్ని ముక్క మీద పోశాడు.

పళ్ళెం తనే తీసుకెళ్ళాడు. ఆ హాల్లోకి ఆయన వడ్డించడానికి అడుగుపెట్టడం అదే మొదలు. బల్ల మీద పెట్టి, పక్కనే బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

ఆవిడ ఒక ముక్క కోసుకుంది. మీద పియర్ పెట్టుకుంది. నమిలింది. కిటికీలోంచి బయటికి చూసింది. ఇంకో ముక్క కోసుకుంది.

"ఇదా నా పళ్ళకి పట్టిన గతి?" అంది చివరికి.

వంటాయన పళ్ళెం వెనక్కి తీసుకోబోయాడు.

"మంచి గతే," అంది. అని పళ్ళేన్ని మధ్యలోకి తోసింది. "ఎంగిలని పట్టింపు లేకపోతే ఇంకో ఫోర్క్ తెచ్చుకుని కూర్చోండి. నిలబడి నిలబడి మీకు కూర్చోవడం మర్చిపోయినట్టుంది."

గంట ఎక్కడినుంచి వచ్చిందో, ఫోర్క్ బల్ల మీద పెట్టి, తుడిచిన బల్లల్నే మళ్ళీ తుడవడానికి అవతలికి వెళ్ళింది. వంటాయన కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. తన వంట తనే బల్ల ముందు కూర్చుని తిన్నాడు. బాగానే ఉంది. ఒక ముద్ద మింగాక ఇక ఆగితే లాభం లేదనిపించింది.

"మిమ్మల్ని ఒకటి అడగాలి."

"అడగండి."

"మీరు నన్ను అన్నయ్యా అన్నారు."

ఆవిడ ఫోర్క్ కింద పెట్టింది. "ఎప్పుడు?"

"మొదటిరోజు. చెత్తడబ్బా దగ్గర."

"ఆ తర్వాత?"

వంటాయన ఆలోచించాడు. ఒక్కో పొద్దున్నీ తలుపు తీసి చూసినట్టు చూసుకుంటూ వచ్చాడు. ఏమండీ, తలుపు తీసే ఉందా. ఇదిగో, మిమ్మల్నే. చూశారా, వాన ఎలా పడుతోందో. ఏమండీ, చెయ్యి కాలిందా. వానలొచ్చాయి, ఎండలొచ్చాయి, జ్వరాలొచ్చాయి. ఎన్ని వెతికినా ఆ మాట మళ్ళీ దొరకలేదు.

"లేదు," అన్నాడు నెమ్మదిగా.

"బండి దగ్గరికొచ్చే ప్రతి మగాడూ నాకు అన్నయ్యే. ఒంటరిదాన్ని, ఆ మాట గొడుగు లాంటిది నాకు. మర్నాడు మీరు గుమ్మంలోకొచ్చి, 'ఒక్కటి కూడా పారెయ్యలేదండీ, అన్నీ బాగున్నాయి' అన్నారు గుర్తుందా? మచ్చపడ్డ పళ్ళ గురించి అలా ఎవరూ చెప్పగా వినలేదు నేను. ఆ పూటే అన్నయ్య అన్న మాట మింగేశాను." ఆవిడ ఫోర్క్ మళ్ళీ అందుకుని కోపంగా ఊపింది. "అప్పట్నుంచి మిమ్మల్ని పిలవడానికి ఒక్క మాట లేక చస్తున్నాను. ఏమండీ, ఏమండీ అని తలుపు బద్దలయ్యేలా అరుస్తున్నా. అదేం పిలుపో లోకమంతటికీ తెలుసు. మీకు తప్ప!"

"నాకు ఎడమ చెవి సరిగ్గా వినబడదు," అన్నాడు వంటాయన దీనంగా.

ఆవిడకి నవ్వొచ్చింది. మొదటిరోజు నవ్వినట్టే, నోరంతా కనబడేలా నవ్వింది. ఈయన కళ్ళు చెమర్చాయి. సంతోషం ఒక పక్క, ఇన్ని పొద్దుటిపూటలు పోగొట్టుకున్న దుఃఖం ఒక పక్క. సంతోషమే ఎక్కువ.

వీధి మూల లారీ హారన్ మోగింది. ఆవిడ లేచి బుట్టలు ఒకదాంట్లో ఒకటి దోపుకుంది.

"అక్కడ పెనం ఉందా?" అన్నాడు వంటాయన.

"ఎక్కడ?"

"తోటలో."

ఆవిడ చేతులు ఆగాయి. "ఇనప్పెనం ఒకటుంది. తుప్పు పట్టింది."

"తోమితే పోతుంది."

"ఎవరు తోముతారు?"

చూద్దాం అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. వంటాయన దాన్ని గట్టిగా మింగేశాడు. "నేనే," అన్నాడు. "ఇప్పుడే వస్తా, ఉండండి."

వంటింట్లో ఏప్రన్ విప్పి మడత పెట్టాడు. పట్టకారు గంట చేతిలో పెట్టాడు. "కదపకూడదు," అన్నాడు. "అదే వదులుతుంది."

"తెలుసు మావయ్యా, ఇన్నేళ్ళూ ఈ కిటికీలోంచి చూసింది అదేగా. నాకూ చెయ్యి దురదగానే ఉంది ఎప్పట్నుంచో." గంట కళ్ళు తుడుచుకుని ఆయన్ని భుజం పట్టుకుని తలుపు వైపు తోసింది. "నువ్వు కదులు ముందు!"

గల్లాపెట్టె దగ్గర ఒక్క నిమిషం ఆగాడు. పళ్ళేలు కడగడానికి వచ్చిన రోజు తనకి అన్నం పెట్టించిన మనిషి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లేపడానికి మనసొప్పలేదు. "వెళ్ళొస్తానండి," అన్నాడు మెల్లగా. యజమాని నిద్రలోనే "ఊఁ" అన్నాడు. అది అనుమతే అనుకుని బుట్టలందుకున్నాడు. వీధి కిటికీలోంచి గంట చూస్తుండగా, పొట్టి మనిషీ పొడుగు మనిషీ వీధి మూల దాకా నడిచి వెళ్ళారు. బుట్టలు పెట్టడానికి లారీ ఎక్కిన మనిషి కిందికి దిగలేదు. హారన్ ఇంకోసారి మోగింది, మలుపు తిరిగాక వినబడలేదు.

సాయంత్రం యజమాని వంటింట్లోకి తొంగి చూశాడు. "వంటాయనేడీ?"

"పెనం తోమడానికెళ్ళాడు," అంది గంట.

"పెనం ఇక్కడే ఉందిగా!"

"ఇంకోటుందట. ఆయన కోసం తుప్పు పట్టి కూర్చుంది. ఆ రోజూ గుమ్మంలోకొచ్చే ఏమండీ లేదూ, ఆవిడది."

యజమానికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, తిట్టాలో నవ్వాలో తేల్చుకోలేక, "ఇవాళ్టికి వంట ఎవరు చేస్తారే?" అని నెత్తి పట్టుకున్నాడు. గంట పట్టకారు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పెనం మీద ఉన్న ముక్కనే చూస్తోంది. చిటపటలు ఒద్దికగా మారాయి. పట్టకారు తగిలించింది. ముక్క తేలిగ్గా లేచింది.

"చూడండి!" అని ఆవిడ అరిచిన అరుపు వీధి దాకా మోగింది.

చెత్త పారబోయడానికి వెనక తలుపు తీసినప్పుడు చూసింది గంట. మనిషి వంటింటి రబ్బరు చెప్పులతోనే కొండెక్కేశాడు. గుమ్మం పక్కన, గోడవార, పొద్దున్నే మెరుగు పెట్టించుకుని వేసుకొచ్చిన తోలు చెప్పుల జత, మూతులు రెండూ వీధి వైపే పెట్టుకుని అలాగే ఉంది.